రూలు రాసే చోట మహిళ

బ్యాంకు ఖాతాకు ఏ కాగితాలు కావాలి, పూచీ లేకుండా ఎంత అప్పు ఇవ్వవచ్చు, కుదువ పెట్టిన బంగారానికి విలువలో ఎన్నో వంతు చేతికివ్వాలి, వాయిదా తప్పితే వసూలుకు వచ్చే మనిషి ఏ వేళకు రావాలి, ఎంతవరకు మాట్లాడాలి... వీటన్నిటినీ తేల్చేవి ఆర్థిక నియంత్రణ సంస్థలు. దేశంలో వాటిలో పెద్దది రిజర్వు బ్యాంకు. గ్రామీణ బ్యాంకులనూ రాష్ట్ర, జిల్లా సహకార బ్యాంకులనూ తనిఖీ చేసే పని నాబార్డుది. షేర్ల వ్యవహారం సెబీది, బీమా వ్యవహారం ఐఆర్‌డీఏఐది. శ్రీకాళహస్తి గుడి ముందు పూలు కట్టి అమ్మే ఆమెకు ఈ పేర్లతో పరిచయం ఉండనక్కర్లేదు. కానీ ఆమెకు అప్పు బ్యాంకులో పుడుతుందా, డైలీ ఫైనాన్స్ వాళ్ల దగ్గర పుడుతుందా అన్నది చాలావరకు ఈ సంస్థలు పంపే సర్క్యులర్లను బట్టే ఉంటుంది.

అందుకే మహిళలకు ఆర్థిక సేవలు ఎంతవరకు అందాయో చూసేటప్పుడు ఖాతాల సంఖ్య దగ్గరే ఆగిపోతే సగం విషయమే తెలుస్తుంది. ఆ రూళ్లు రాసే గదుల్లో ఎవరున్నారన్నది మిగతా సగం. ఈ విషయంలో ఆంధ్రదేశం పరిస్థితి అరుదైనది. అడుగున, పొదుపు సంఘాల్లో, తీర్మానాలు రాసి, జరిమానాలు వేసి, పుస్తకాలు తనిఖీ చేసి, పెద్ద అప్పుల వ్యవస్థనే నడిపిస్తున్న ఆడవాళ్లు లక్షల్లో ఉన్నారు. పైన, జాతీయ నియంత్రణ సంస్థల అగ్రస్థానాల్లో కూర్చున్న మహిళలను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఈ రెండు అంతస్తులకూ మధ్య మెట్లు లేవు.

రిజిస్ట్రేషన్ లేని సంఘానికి ఖాతా

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రోశమ్మ వంటి మహిళలు లేవదీసిన సారా వ్యతిరేక పోరాటం 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధానికి దారితీసింది. సారా కొట్టుకు పోయే డబ్బు ఇంట్లో మిగలడంతో, రోజుకో రూపాయి దాచుకునే ‘పొదుపులక్ష్మి’ సంఘాలు ఆ జిల్లాలో ఊరూరా పుట్టాయి. నెల్లూరుకు ఆనుకునే ఉన్న శ్రీకాళహస్తి ప్రాంతం ఆ గాలికి దూరంగా ఉండే అవకాశమే లేదు. 1982లో కేంద్రం మొదలుపెట్టిన డ్వాక్రా పథకం 1999లో మరో పథకంలో కలిసిపోయినా, ఈ సంఘాలకు ఊళ్లలో ఇప్పటికీ చెల్లుబాటవుతున్న పేరు అదే.

ఈ కథను ఉద్యమంగా చెప్పుకోవడం అలవాటైంది. అందులో నియంత్రణ సంస్థల పాత్ర మాత్రం తక్కువగా వినబడుతుంది. పదీ పదిహేనుమంది ఆడవాళ్లు కూడబెట్టిన డబ్బును బ్యాంకులో వేద్దామని వెళ్తే, మేనేజరు ముందుగా అడిగేది రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్. ఎక్కడా నమోదు కాని గుంపును ఖాతాదారుగా ఎలా చూడాలో బ్యాంకుకు తెలియదు. 1991 జులైలో రిజర్వు బ్యాంకు ఈ సంఘాలతో కలిసి పనిచేయమని బ్యాంకులకు సూచించింది. 1992 ఫిబ్రవరిలో నాబార్డు దేశవ్యాప్తంగా 500 సంఘాలతో ప్రయోగం మొదలుపెట్టింది. 1993 జనవరిలో రిజర్వు బ్యాంకు నుంచి వచ్చిన సర్క్యులరు అసలు చిక్కు విప్పింది: సంఘం నమోదై ఉన్నా లేకున్నా దాని పేర పొదుపు ఖాతా తెరవవచ్చు. 1996 నుంచి సంఘాలకు అప్పివ్వడం బ్యాంకుల మామూలు వ్యాపారంలో భాగమైంది.

తర్వాత వచ్చిన సడలింపులూ ఇలాంటివే. సంఘం ఖాతాకు సభ్యులందరి గుర్తింపు పత్రాలూ అక్కర్లేదు, లావాదేవీలు నడిపే ప్రతినిధులవి చాలు. 10 లక్షల రూపాయల వరకు సంఘాల అప్పుకు పూచీ అడగకూడదు. 2021 ఆగస్టులో ఆ హద్దును 20 లక్షలకు పెంచారు. చదవడానికి ఇవి చప్పటి కాగితాలే. కానీ దూబగుంట ఎంత పెద్ద కదలిక తెచ్చినా, 1993 నాటి ఆ ఒక్క వాక్యం లేకుంటే పొదుపు డబ్బు ట్రంకుపెట్టెల్లోనే ఉండిపోయేది. రూలు రాసేవాళ్ల ఎదుట ఊరి ఆడవాళ్ల జీవితం కనబడినప్పుడు ఏం జరుగుతుందో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దేశంలో తక్కువ.

2000లో ఏర్పడిన గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ, అంటే సెర్ప్, ఈ సంఘాలను గ్రామ సమాఖ్యలుగా, మండల సమాఖ్యలుగా, జిల్లా సమాఖ్యలుగా కూర్చింది. పట్టణాల్లో ఆ పని 2007 నుంచి మెప్మా చేస్తోంది. శ్రీకాళహస్తి మున్సిపాలిటీలోని సంఘాలు దాని కిందివే. ఉమ్మడి రాష్ట్రంలో సభ్యుల సంఖ్య కోటి దాటింది. క్రమం తప్పని సమావేశం, పొదుపు, అంతర్గత అప్పు, సకాలంలో చెల్లింపు, పుస్తకాల నిర్వహణ అనే పంచసూత్రాలు ఇక్కడి సభ్యులకు కొట్టిన పిండి. ఆ అనుభవంతోనే ఇక్కడి ఆడవాళ్లు బిహార్ మొదలైన రాష్ట్రాలకు వెళ్లి, ఊళ్లలో మకాం వేసి, అక్కడివాళ్లకు సంఘం కట్టడం నేర్పారు. 2011లో మొదలైన జాతీయ గ్రామీణ జీవనోపాధుల మిషన్ ఈ నమూనా మీదే చాలావరకు నిలబడింది. భాష రాని రాష్ట్రంలో అప్పు క్రమశిక్షణను నేర్పి వచ్చిన మనిషిని ‘లబ్ధిదారు’ అని రాయడం అన్యాయం. ఆమె చేసింది నియంత్రణ పనే.

పై అంతస్తు

రిజర్వు బ్యాంకు 1935లో మొదలైంది. ఇంతవరకు మహిళ గవర్నరు కాలేదు. మొదటి మహిళా డిప్యూటీ గవర్నరు కె.జె. ఉదేశి 2003లో వచ్చారు. 2004లో శ్యామలా గోపీనాథ్, 2005లో ఉషా థోరట్ అదే పదవి చేపట్టారు. కడప జిల్లాకు చెందిన వై.వి. రెడ్డి గవర్నరుగా ఉన్న 2003–2008 మధ్య కాలం అది. అందరికీ బ్యాంకింగ్ అన్న ఆలోచన రిజర్వు బ్యాంకు విధానంలోకి గట్టిగా వచ్చిందీ అప్పుడే. 2005 నవంబరులో కనీస నిల్వ దాదాపు లేకుండానే తెరిచే ‘నో ఫ్రిల్స్’ ఖాతాలు వచ్చాయి. 2006 జనవరిలో బ్యాంకు తరఫున ఊళ్లో సేవలందించే బిజినెస్ కరస్పాండెంట్లకు అనుమతి దొరికింది. నేటి బ్యాంకు మిత్రలకు మూలం అదే. జిల్లాకో బ్యాంకు మిగతా బ్యాంకులను సమన్వయం చేసే లీడ్ బ్యాంకు పథకాన్ని సమీక్షించిన ఉన్నతస్థాయి కమిటీకి ఉషా థోరట్ అధ్యక్షత వహించారు. 2009లో ఇచ్చిన నివేదికలో, 2,000కు పైగా జనాభా ఉన్న ప్రతి ఊరికీ కనీసం వారానికోసారి బ్యాంకు సేవ అందాలని ఆ కమిటీ గడువు పెట్టి మరీ కోరింది.

2010 నవంబరులో థోరట్, 2011 జూన్‌లో గోపీనాథ్ పదవీకాలాలు ముగిశాయి. ఆ తర్వాత 2025 ఏప్రిల్‌లో పూనమ్ గుప్తా నియామకం వరకు, దాదాపు 14 ఏళ్లు, నాలుగు డిప్యూటీ గవర్నరు కుర్చీల్లో ఒక్క మహిళా లేదు. సెబీకి మొదటి మహిళా అధ్యక్షురాలు మాధవీ పురీ బుచ్ 2022లో వచ్చారు. హైదరాబాద్‌లోనే కొలువైన బీమా నియంత్రణ సంస్థకు ఇంతవరకు మహిళ అధ్యక్షురాలు కాలేదు. ఇక్కడ కలవరపెట్టేది సంఖ్య ఒక్కటే కాదు. ఇద్దరు పదవీ విరమణ చేస్తే వారి వెనుక ఆ స్థాయికి ఎవరూ చేరకపోవడం, పదేళ్ల ముందు నుంచే కింది శ్రేణుల్లో ఎవరినీ సిద్ధం చేయలేదన్న సంగతిని బయటపెడుతుంది. ఒకరిద్దరు ప్రతిభావంతులు పైకి రావడం వేరు, వరుసగా వస్తూ ఉండే ఏర్పాటు వేరు.

బ్యాంకులను నడిపిన మహిళలు చిత్తూరు ప్రాంతానికి కొత్త కాదు. ఉమ్మడి చిత్తూరు జిల్లాకు లీడ్ బ్యాంకు ఇండియన్ బ్యాంకు. నష్టాల్లో కూరుకుపోయిన ఆ బ్యాంకు పగ్గాలను 2000లో అందుకుని గట్టెక్కించిన రంజనా కుమార్, తర్వాత నాబార్డుకు అధ్యక్షురాలయ్యారు. బ్యాంకు నడిపిన చేయి తనిఖీ వ్యవస్థను కూడా నడిపిన అరుదైన సందర్భం అది. 2018లో అదే ఇండియన్ బ్యాంకుకు పద్మజ చుండూరు అధిపతి అయ్యారు.

మహిళ పైన ఉన్నంత మాత్రాన కింది మహిళకు మేలు జరుగుతుందా? ఈ ప్రశ్నను తేలిగ్గా కొట్టేయకూడదు. పశ్చిమ బెంగాల్, రాజస్థాన్ పంచాయతీలపై రాఘవేంద్ర చటోపాధ్యాయ, ఎస్తేర్ డఫ్లో 2004లో ప్రచురించిన అధ్యయనం ఒక జవాబు ఇచ్చింది: సర్పంచి పదవి మహిళలకు రిజర్వు అయిన చోట, తాగునీరు వంటి ఆడవాళ్లు అడిగే పనులకు ఎక్కువ ఖర్చయింది. బ్యాంకు బోర్డుల్లో, బ్యాంకులను పర్యవేక్షించే సంస్థల బోర్డుల్లో మహిళల వాటా పెరిగిన చోట ఆర్థిక స్థిరత్వమూ మెరుగ్గా కనిపించిందని అంతర్జాతీయ ద్రవ్యనిధి పరిశోధకులు 2018లో రాశారు. మరోవైపు 2013 నవంబరులో ఆర్భాటంగా మొదలైన భారతీయ మహిళా బ్యాంకు 2017 ఏప్రిల్‌కే స్టేట్ బ్యాంకులో కలిసిపోయింది. మహిళల కోసం పక్కన ఒక చిన్న గది కట్టడంకన్నా, అసలు నిర్ణయాలు జరిగే పెద్ద సంస్థల్లో చోటు కల్పించడమే అవసరమని ఆ అనుభవం చెబుతోంది.

2010: మాట వినిపించిన ఒక సందర్భం

ఆంధ్రప్రదేశ్‌లో రూళ్ల లోటు ఎంత ప్రమాదమో 2010లో తేలింది. సూక్ష్మరుణ కంపెనీలు ఒకే ఇంటికి నాలుగైదు అప్పులు అంటగట్టాయి. వారం వారం వసూళ్లు, గుమ్మం ముందు బైఠాయింపులు, ఒక సభ్యురాలు కట్టలేకపోతే మిగతావాళ్ల చేత నిలదీయించడం మామూలైపోయాయి. ఆత్మహత్యల వార్తలు వరుసగా వచ్చాయి. ఆ ఏడాది ఆగస్టులోనే ఎస్‌కేఎస్ మైక్రోఫైనాన్స్ షేర్లు మార్కెట్‌కు వచ్చాయి. అప్పు తీసుకున్నవాళ్లు దాదాపు అందరూ ఆడవాళ్లే. ఆ అప్పు షరతుల గురించి వాళ్లను అడిగిన వ్యవస్థ మాత్రం ఏదీ లేదు.

అక్టోబరు 15న రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది, 2011 జనవరికి అది చట్టమైంది. కంపెనీలు జిల్లాలో నమోదు చేసుకోవాలి, వసూళ్లు బహిరంగ స్థలంలోనే జరగాలి, వడ్డీ అసలును మించకూడదు. వసూళ్లు కుప్పకూలాయి, కొత్త అప్పులు ఆగాయి. రిజర్వు బ్యాంకు నియమించిన వై.హెచ్. మాలెగం కమిటీ 2011 జనవరిలో నివేదిక ఇచ్చింది.

ఆ కమిటీలో ఏకైక మహిళ శశి రాజగోపాలన్. హైదరాబాద్ కేంద్రంగా సహకార రంగంలో ఏళ్ల తరబడి పనిచేసి, తెలుగు పల్లెల్లోని పొదుపు సహకార సంఘాలను దగ్గరగా చూసిన వ్యక్తి ఆమె. రిజర్వు బ్యాంకు కేంద్ర బోర్డులో డైరెక్టరు హోదాలో ఆ కమిటీకి వచ్చారు. వడ్డీకి 24 శాతం గరిష్ఠ పరిమితి, ఒకే మహిళకు రెండుకు మించి కంపెనీలు అప్పివ్వకుండా నిషేధం, వారానికా పక్షానికా నెలకా ఎలా కట్టాలో తేల్చుకునే హక్కు అప్పు తీసుకున్న మనిషికే ఉండటం... ఇవి ఆ కమిటీ సిఫార్సులు. వీటిని ఆమె ఒక్కరి ఖాతాలో వేయడం సరికాదు, కమిటీ ఉమ్మడి నిర్ణయాలివి. అయినా కిస్తీ వారానికి పడితే పాడి గేదె ఉన్న ఇంటికి ఏమవుతుందో, కూలికి వెళ్లే ఇంటికి ఏమవుతుందో ఎరిగిన మనిషి ఆ గదిలో ఉండటం చిన్న విషయం కాదు. ఆమె అక్కడికి బ్యాంకు అధికారిగా మెట్లెక్కి రాలేదు, పల్లె సహకార సంఘాల మీదుగా వచ్చారు. ఆ దారి తర్వాత ఎందరికి తెరుచుకుంది అన్నదే తేలవలసిన ప్రశ్న.

2011 డిసెంబరులో ఈ కంపెనీలకు ప్రత్యేక వర్గాన్ని రిజర్వు బ్యాంకు ఏర్పరిచింది. 2022 ఏప్రిల్ నుంచి కొత్త నిబంధనలు వచ్చాయి. ఏడాదికి 3 లక్షల లోపు ఆదాయమున్న కుటుంబానికి పూచీ లేకుండా ఇచ్చే అప్పే సూక్ష్మరుణం. కుటుంబం మొత్తం కట్టవలసిన కిస్తీలు నెలసరి ఆదాయంలో సగం దాటకూడదు. వడ్డీపై గరిష్ఠ పరిమితి మాత్రం పోయింది.

ఖాతా ఉంది, ఫోను లేదు

ప్రపంచ బ్యాంకు ఫిండెక్స్ సర్వే ప్రకారం 2011లో భారత మహిళల్లో 26 శాతానికే ఖాతా ఉండేది. 2014 ఆగస్టులో జన్‌ధన్ మొదలయ్యాక ఆ లెక్క పరుగెత్తింది. 2017కు 77 శాతం. 2021 నాటికి ఆడామగా తేడా దాదాపు చెరిగిపోయింది. అయితే అదే 2021 సర్వేలో, ఖాతా ఉన్న భారతీయుల్లో సుమారు 35 శాతం మంది ఏడాదిగా దాన్ని వాడలేదని తేలింది. కేంద్ర గణాంక శాఖ 2025లో విడుదల చేసిన లెక్కల్లో దేశంలోని బ్యాంకు ఖాతాల్లో మహిళలవి 39.2 శాతం.

ఆంధ్రప్రదేశ్‌కు సంబంధించి ఇంకా సూటిగా మాట్లాడే అంకెలు జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఉన్నాయి. 2019–21 నాటి ఆ సర్వేలో, తాము స్వయంగా వాడే బ్యాంకు ఖాతా ఉన్న మహిళలు 81.8 శాతం. తాము స్వయంగా వాడే మొబైల్ ఫోను ఉన్నవాళ్లు 48.9 శాతం. ఓటీపీ, యూపీఐ, బ్యాలెన్సు సమాచారం అన్నీ ఫోనులోకి చేరాక, ఈ రెండు అంకెల మధ్య ఉన్న ఎడమే అసలు సమస్య. ఖాతా ఆమెది, ఫోను భర్తదో కొడుకుదో. డబ్బు పడినట్టు ముందు తెలిసేది వాళ్లకే. నిజానికి మామూలు ఫోను నుంచి కూడా చెల్లించే యూపీఐ 123పే 2022లో వచ్చింది, అంటే నియంత్రణ సంస్థ తలచుకుంటే దారి దొరుకుతుంది. కానీ సౌకర్యం తయారయ్యాక ‘ఆడవాళ్లు ఎందుకు వాడటం లేదు’ అని అడగడానికీ, తయారు చేసే ముందే ‘ఈ ఇంట్లో ఫోను ఎవరి చేతిలో ఉంది’ అని అడగడానికీ చాలా తేడా ఉంది. రెండో ప్రశ్న అడిగే అధికారి కావాలి.

బంగారం ఇంకో ఉదాహరణ. రాయలసీమ ఇళ్లలో అవసరానికి మొదట కదిలేది ఆడవాళ్ల మెడలోని బంగారమే. పంటకు పెట్టుబడైనా, ఆసుపత్రి ఖర్చయినా, పిల్లల ఫీజైనా కుదువకు వెళ్లేది అదే. 2025 జూన్‌లో రిజర్వు బ్యాంకు బంగారం అప్పులపై కొత్త నిబంధనలు ప్రకటించింది. రెండున్నర లక్షల లోపు అప్పుకు విలువలో 85 శాతం వరకు, 5 లక్షల దాకా 80 శాతం, ఆపైన 75 శాతం ఇవ్వవచ్చు. అంతకుముందు ఏప్రిల్‌లో వచ్చిన ముసాయిదాలో, బంగారం తమదేనని రుజువు చూపాలన్న షరతు మీద పెద్ద ఆందోళన రేగింది. పుట్టింటివాళ్లు పెట్టిన గొలుసుకు, అత్తగారు ఇచ్చిన గాజులకు రసీదు ఎక్కడ ఉంటుంది? చివరకు సొంత ధ్రువీకరణతో సరిపుచ్చుకునే వీలు కల్పించారు. ఈ సంగతి ముసాయిదా రాసేటప్పుడే తట్టి ఉంటే అంత గొడవ జరిగేది కాదు.

శ్రీకాళహస్తిలో కలంకారీ పని మీద బతికే ఆడవాళ్లకు ఇంకో రకం ఇబ్బంది ఉంది. కమలాదేవి చటోపాధ్యాయ నాయకత్వంలోని అఖిల భారత హస్తకళల బోర్డు చొరవతో 1957లో ఇక్కడ శిక్షణ కేంద్రం మొదలై, జొన్నలగడ్డ లక్ష్మయ్య గురువుగా ఈ కళ మళ్లీ చిగురించింది. ఒకప్పుడు మగవాళ్ల చేతిపనిగా ఉన్న దీనిలోకి తర్వాత ఆడవాళ్లు పెద్ద సంఖ్యలో వచ్చారు. అనితా రెడ్డి చొరవతో ఏర్పడిన ద్వారక సంస్థ ఇక్కడి మహిళలెందరికో ఉపాధి చూపింది. కరక్కాయ కలిపిన పాలలో నానబెట్టిన గుడ్డ మీద రంగులు నింపే పనికి ముక్కకింత చొప్పున కూలి. నెలనెలా ఒకే మొత్తం రాదు, జీతం చీటీ ఉండదు, పని చేసే చోటు సొంత ఇల్లే. బ్యాంకు అప్పు దరఖాస్తులో ‘వృత్తి’ అన్న గడి ఎదురైతే చాలామంది రాసేది ‘గృహిణి’ అనే. వానాకాలంలో గుడ్డలు ఆరక పని మందగించే రోజులకు కిస్తీల పట్టికలో చోటు లేదు. కాలానుగుణంగా చెల్లింపు మార్చుకునే వెసులుబాటు రైతు పంట రుణానికి ఉంది. చేతిపని చేసే ఆడమనిషికీ అలాంటిది ఉండాలని నిబంధనలోకి ఎక్కించగల స్థాయిలో, ఆ పని తెలిసిన అధికారి ఉండాలి.

మెట్లు ఎక్కడ కట్టాలి

ప్రపంచంలో ఈ దిశగా కొంత పని జరుగుతోంది. 2000 నుంచి 2016 దాకా మలేసియా కేంద్ర బ్యాంకును నడిపిన జెతి అఖ్తర్ అజీజ్, పేదలకు ఆర్థిక సేవలను అందించడం కేంద్ర బ్యాంకు బాధ్యతేనని నిలబెట్టిన తొలి గవర్నర్లలో ఒకరు. ఆర్థిక సమ్మిళితి కోసం నియంత్రణ సంస్థలు కలిసి ఏర్పరచుకున్న కూటమికి కౌలాలంపూర్ కేంద్రమైంది. ఆ కూటమి 2016లో ఫిజీలో ఆమోదించిన దెనరావు కార్యాచరణ ప్రణాళిక మహిళల ఖాతాల అంతరాన్ని తగ్గించడాన్ని సభ్యదేశాల లక్ష్యంగా పెట్టింది. ఇలా భట్ వంటివారు స్థాపకుల్లో ఉన్న విమెన్స్ వరల్డ్ బ్యాంకింగ్ సంస్థ, నియంత్రణ సంస్థల్లోని మహిళా అధికారుల కోసం ప్రత్యేక నాయకత్వ శిక్షణ నడుపుతోంది. అందులో ఒక మెచ్చదగిన పద్ధతి ఉంది. ఎదుగుతున్న మహిళా అధికారిని ఒక్కరినే పిలవరు, అదే సంస్థలోని పైస్థాయి అధికారిని కూడా ఆమెతోపాటు చేర్చుకుంటారు. శిక్షణ అయ్యాక ఆమె తిరిగి అదే కుర్చీలో, అదే ఫైళ్ల మధ్య చిక్కుకుపోకుండా చూడటానికి ఇది మార్గం.

ఇక్కడ అడ్డంకులు తెలియనివి కావు. ప్రమోషన్ అంటే బదిలీ, బదిలీ అంటే చాలాసార్లు ముంబై. పిల్లలు చిన్నవాళ్లుగా ఉన్న వయసులోనే ఆ పిలుపు వస్తుంది. వద్దన్న అధికారి పేరు తర్వాతి జాబితాలో వెనక్కి పోతుంది. రెండోది, పనుల పంపిణీ. బ్యాంకుల తనిఖీ, పర్యవేక్షణ, మార్కెట్ కార్యకలాపాల విభాగాల్లో అనుభవం లేనివాళ్లు పైకి రావడం కష్టం. మహిళా అధికారులను సిబ్బంది వ్యవహారాలకో శిక్షణ విభాగాలకో సర్దేసినంత కాలం, ఎంపిక కమిటీ ముందుకు వెళ్లేసరికి వారి అర్హత తక్కువగా కనబడుతుంది. ఈ రెంటినీ సరిదిద్దడానికి కొత్త చట్టం అక్కర్లేదు, పోస్టింగుల పట్టికను జాగ్రత్తగా రాస్తే చాలు.

అడుగు నుంచి వచ్చే దారి ఇంకా ముఖ్యం. శ్రీకాళహస్తికి దగ్గర్లోని తిరుపతిలో 1983 నుంచి శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం ఉంది. అక్కడ కామర్స్, మేనేజ్‌మెంట్ చదివే అమ్మాయిల్లో సంఘం సభ్యుల కూతుళ్లు తక్కువేమీ కాదు. వారికి అందుబాటులో ఉన్న మొదటి మెట్టు గ్రామీణ బ్యాంకు ఉద్యోగం. 2019 నుంచి ఆ పరీక్ష తెలుగులోనూ రాయవచ్చు. చిత్తూరు కేంద్రంగా పనిచేసిన సప్తగిరి గ్రామీణ బ్యాంకు, రాష్ట్రంలోని మిగతా గ్రామీణ బ్యాంకులతో కలిసి 2025 మే 1 నుంచి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకుగా మారింది. రిజర్వు బ్యాంకు గ్రేడ్ బి, నాబార్డు గ్రేడ్ ఎ పరీక్షలకు మాత్రం ఇంగ్లిషు, హిందీలే మాధ్యమం. ఈ విశ్వవిద్యాలయంలోనే ఆ పరీక్షలకు పకడ్బందీగా తయారు చేసే కేంద్రం పెట్టడం, గ్రామీణ బ్యాంకులో పదేళ్లు పనిచేసిన మహిళా అధికారులకు నాబార్డు తనిఖీ బృందాల్లో డెప్యుటేషన్ ఇవ్వడం అసాధ్యమైన పనులు కావు.

సమాఖ్యల నుంచి కూడా దారి తీయవచ్చు. సంఘాలకు అప్పులిచ్చేందుకు 2011లో ఏర్పడిన సహకార సంస్థ స్త్రీనిధి పాలకవర్గంలో సమాఖ్యల ఎన్నికైన అధ్యక్షులు కూర్చుంటారు. అప్పు ఎవరికి, ఎంత, ఏ వడ్డీకి అన్న నిర్ణయాల్లో వారికి భాగముంది. అంతటి అనుభవం ఉన్న మనిషి పదవీకాలం ముగిశాక తిరిగి ఊరికి వెళ్లిపోతుంది, ఆమెకు తెలిసింది ఎక్కడా రికార్డు కాదు. జిల్లాలో బ్యాంకుల పనిని సమీక్షించే సంప్రదింపుల కమిటీకి కలెక్టరు అధ్యక్షుడు, లీడ్ బ్యాంకు మేనేజరు నిర్వాహకుడు. రిజర్వు బ్యాంకు నుంచి జిల్లా అధికారి, నాబార్డు నుంచి జిల్లా అభివృద్ధి మేనేజరు హాజరవుతారు. సంఘాల లింకేజీ లోన్ల లక్ష్యాలు, తిరస్కరించిన దరఖాస్తులు, మూతపడిన ఖాతాలు చర్చకు వచ్చేది అక్కడే. ఆ కమిటీలో జిల్లా సమాఖ్య అధ్యక్షురాలికీ, మెప్మా పట్టణ సమాఖ్య ప్రతినిధికీ మాట్లాడే హక్కుతో శాశ్వత స్థానం ఇవ్వాలి. వారు లేవనెత్తిన ప్రతి అంశమూ మినిట్సులో చేరి, రాష్ట్రస్థాయి బ్యాంకర్ల సమితి ద్వారా రిజర్వు బ్యాంకుకు వెళ్లాలి. ఆ కాగితాన్ని అక్కడ అందుకునే విభాగంలో, తనిఖీల్లో ఆరితేరిన మహిళా అధికారులు ఒకరిద్దరు కాదు, పదుల సంఖ్యలో ఉండాలి.